అత్త గొంతు అవ్వకు వినపడేదాకా

పోయిన నెల ఒక మంగళవారం, మదనపల్లెలో మా బడిలో మూడో పీరియడ్ నడుస్తుండగా కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త కూతురు. "అమ్మ లేదు వదినా" అని, ఇంకేమీ చెప్పలేక పెట్టేసింది. బోర్డు మీద లెక్క సగంలోనే ఆపి, హెడ్మాస్టర్ గారికి చెప్పి బస్టాండుకు పరుగెత్తాను. పుంగనూరు దాటాక పక్క సీటామె నా కళ్లు చూసి, ఎవరు పోయారని అడిగింది. మా అత్త, టీవీలో వేషాలు వేసేది అని చెప్పాను. ఆమె, "పాలకేంద్రం అక్క కాదు కదా?" అంది. ఔనన్నాను. వి.కోటలో తాను దిగేదాకా ఆమె నా చేయి వదల్లేదు.

మీలో చాలామంది మా అత్తను చూసే ఉంటారు. పేరు తెలిసి ఉండదు. కాఫీ కప్పులు తెచ్చే పనిమనిషి, ఆసుపత్రిలో ఆయా, పెళ్లి సీన్లలో ముత్తయిదువల వెనక నిలబడే నాలుగో మనిషి. ఆమె మొదటి ఆరేళ్లూ అలాగే గడిచాయి.

అంతకుముందు ఆమె వి.కోట దగ్గర ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మామ చిన్న వయసులోనే పోయాడు. చదువు ఐదో తరగతితో ఆగింది. ఊరూరా తిరిగి పెద్దవాళ్లను చదువుకోమని చెప్పే వీధి నాటకాల బృందంలో ఒకసారి మనిషి తక్కువైతే, గరిటె పక్కన పెట్టి వెళ్లి వేషం కట్టింది. ఆ రోజు జనం చప్పట్లు కొట్టారని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ముందు వరసలో ఒక ముసలాయన బీడీ ఆర్పేసి విన్నాడని మాత్రం పదిసార్లు చెప్పింది.

కూతురి పెళ్లి చేసి కుప్పం పంపించాక, నలభై మూడేళ్ల వయసులో హైదరాబాద్ వెళ్తానంది. మా నాన్న ఆమెకు అన్న. ఒప్పుకోలేదు. మన ఇంటి ఆడవాళ్లు మొహానికి రంగు పూసుకోరని అరిచాడు. ఆమె ఎదురు మాట్లాడకుండా చీరలు మడత పెట్టుకుంది. వాకిట్లో నేను ఏడుస్తుంటే మాత్రం అంది: "కాదనేటోళ్లు కాదంటానే ఉంటారు పాపా. మనం పోయి ఆడ కూర్చుంటే, లేపేది వాళ్ల పని." ఆ తర్వాత ఆరేళ్లు నాన్న ఆమెతో మాట్లాడలేదు.

సీరియల్ షూటింగుల్లో డైలాగు ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదట. పక్కన నిలబడి ఒకరు చదువుతుంటే, విని అప్పజెప్పడమే. అత్త మాత్రం కాగితం ముందే అడిగి తీసుకుని, కూడబలుక్కుని చదివి, నోటికి తెచ్చుకునేది. రెండే మాటలున్నా సరే. "చిత్తం అమ్మగారూ" అనే ఒక్క ముక్కను ఆమె గదిలో నలభై రకాలుగా అనడం నేను సెలవుల్లో వెళ్లినప్పుడు విన్నాను.

అంత కష్టపడి చెప్పిన మాట ఆమెది కాకుండా పోయేది. చిత్రీకరణ అయ్యాక గొంతులు విడిగా కలుపుతారు. అత్త యాస పనికిరాదని, ఆమె పెదాలకు వేరే ఆవిడ గొంతు పెట్టేవారు. అందరూ అంతే కదా అని ఆమె పట్టించుకోలేదు, మా అవ్వ సంగతి తెలిసేదాకా.

అవ్వ అంటే అత్తకు అమ్మ. పుంగనూరులో మా ఇంట్లోనే ఉండేది. అప్పటికి రెండు కళ్లూ పోయాయి. సాయంత్రం సీరియల్ మొదలైతే మంచం మీద లేచి కూర్చుని చెవి అటు పెట్టేది. ఒకసారి అత్త ఊరికి వచ్చి పక్కనే కూర్చుంది. తెర మీద ఆమె వచ్చింది, మాట్లాడింది, వెళ్లిపోయింది. సీరియల్ అయిపోయాక అవ్వ అడిగింది: "ఈ పొద్దు కూడా నువ్వు రాలేదేమ్మా?"

అత్త లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతుకుతోందని నేను చూశాను. మర్నాడు బస్సెక్కుతూ, ఈసారి వచ్చేటప్పుడు నా గొంతు తెచ్చుకునే వస్తానంది.

హైదరాబాద్‌లో ఆమె తిన్నగా తనకు గొంతు ఇచ్చే ఆవిడ ఇంటికే వెళ్లింది. నేర్పమని అడిగింది. నీకు నేర్పితే నా పని పోదా అని ఆవిడ నవ్విందట. పోతుంది, అయినా నేర్పండి అందట అత్త. ఏమనుకుందో ఏమో, ఆవిడ ఆదివారాలు రమ్మంది. అత్త రాగి సంగటి, అందులోకి నంజుకునే చెనిక్కాయల ఊరుబిండి చేసుకుని పోయేది. రోజూ పొద్దున్నే పేపరు పైకి చదివేది. రాజకీయాల నుంచి బావులు తవ్వేవాళ్ల ప్రకటనల దాకా. ఆ అలవాటు ఆఖరిదాకా పోలేదు. ఏడాది తిరిగేసరికి 'ఉండాది' 'ఉంది' అయింది, 'యాడ' 'ఎక్కడ' అయింది. మూడుసార్లు గొంతు పరీక్షలో తప్పి, నాలుగోసారి నెగ్గి, తన వేషానికి తనే గొంతు ఇచ్చింది.

ఆ రోజు టీవీ సౌండు పెంచింది మా నాన్నే. అవ్వ మంచాన్ని కూడా ముందుకు జరిపాడు. అత్త మాటలు వచ్చాయి, చక్కగా, పేపర్లో అచ్చువేసినట్టు. అవ్వ తల అడ్డంగా ఊపింది. "గొంతు మా పిల్లది మాదిరే ఉండాది. మాట మాది కాదు. ఎవరో పట్నమామె" అంది.

ఈ సంగతి ఫోన్లో నేనే చెప్పాల్సి వచ్చింది. ఓదార్చే మాటలు సిద్ధం చేసుకున్నాను. అత్త విని, "అమ్మ చెప్పింది నిజమే. సగమే తెచ్చినా" అంది.

అప్పటినుంచి మన మాట మాట్లాడే వేషమే కావాలని తిరిగింది. ఆ యాస వేషాలు ఉన్నాయి గానీ, అవి నవ్వించేవి, లేకపోతే కత్తులు పట్టేవి. అలాంటి ఒక వేషం ఆమెను వెతుక్కుంటూ వస్తే వద్దంది. నాకు కోపం వచ్చింది. చేతికొచ్చింది వదులుకుంటారా అన్నాను. "మనోళ్లు అన్నం తినేటప్పుడు, పిల్లోళ్లను నిద్రపుచ్చేటప్పుడు గూడా ఇట్లనే మాట్లాడతారు కదా పాపా. అది యాల సూపించరు?" అని ఆమె నన్నే అడిగింది.  ఏడు నెలలు వేషాలు లేవు. తోటి నటులకు జాకెట్లు కుట్టి గడుపుకుంది. ప్రతి సోమవారం మాత్రం ఏదో ఒక ఆఫీసుకు వెళ్లి కూర్చునేది.

అలా కూర్చుంటే ఒక కొత్త దర్శకురాలు దొరికింది. పాలకేంద్రంలో పాలు కొలిచే ఆడమనిషి పాత్ర, పది రోజుల పని. మీ ఊళ్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడమంది. ఆ పది రోజుల వేషం నాలుగేళ్లు నడిచింది.

మొదటి రోజు మా ఇంట్లో అందరం అవ్వనే చూస్తూ కూర్చున్నాం. తెర మీద అత్త క్యాన్ మూత తీసి, ఒక రైతుతో "నీళ్లు కలిపితే కలిపినావు గానీ, అబద్ధం యాల కలుపుతావప్పా" అంది. అవ్వ చేయి గాలిలోకి లేచింది. ఎవరూ చెప్పకుండానే "ఇది నా బిడ్డ" అంది. కాసేపు విన్నాక మా నాన్న వైపు తిరిగి, "దాన్ని కొంచెం మెల్లిగా మాట్లాడమను. గొంతు పోతాది" అంది. నాన్న బయటికి వెళ్లి అత్తకు ఫోన్ చేశాడు. అమ్మ మెల్లిగా మాట్లాడమంటోంది అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఆరేళ్ల తర్వాత అన్న తనతో ఆడిన మొదటి మాట అదేనని అత్త తర్వాత నాతో చెప్పింది.

అవ్వ ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

అత్తకు కిడ్నీల జబ్బు పోయినేడు బయటపడింది. కుప్పంలో కూతురి దగ్గరే ఉండి చూపించుకుంటూ, నెలకోసారి షూటింగుకు వెళ్లి వచ్చేది. దర్శకురాలు దయతలచి, మంచం మీద పడుకుని మాట్లాడేలా పాత్రను మార్చుతానంది. పడుకునే వేషం ఇప్పుడే వద్దని అత్త చెప్పింది.

నేను ఆఖరిసారి ఆమెను చూసింది కుప్పం స్టేషన్లో. బెంగళూరు వెళ్లి, అక్కడినుంచి హైదరాబాద్ రైలు పట్టుకోవాలి. కాళ్లు వాచి ఉన్నాయి. చీరల పెట్టె నేను తీసుకోబోతే ఇవ్వలేదు. ప్లాట్‌ఫాం మీద రెండుచోట్ల ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచింది. రైలెక్కి కిటికీ పక్కన కూర్చోగానే సంచిలోంచి డైలాగు కాగితాలు తీసింది. జాగ్రత్త అత్తా అన్నాను. ఊ అంది గానీ తలెత్తలేదు. రైలు కదిలింది. కాగితం మీద వేలు పెట్టుకుని, చిన్నగా పైకి చదువుతూ, తప్పిన చోట మళ్లీ మొదటినుంచి అందుకుంటూ మా అత్త వెళ్లిపోయింది. ఎదుటి సీట్లో ఇద్దరు ఆడవాళ్లు టిఫిను తినడం ఆపి ఆమెనే వింటున్నారు.