వ్యానక్క బీమా బేరం

మేం అద్దెకుండే ఇంట్లో కింది వాటా వ్యానక్క వాళ్ళది. పొద్దున్నే ఆవిడ గొంతు లేస్తే మా ఇంట్లో ఎవరికీ అలారం అక్కర్లేదు. బడి పిల్లల వ్యాన్ నడుపుతుంది. పిల్లలు, వాళ్ళ తల్లులు, చివరికి మలుపు దగ్గర నిలబడే ట్రాఫిక్ పోలీసు కూడా ఆవిణ్ణి వ్యానక్క అనే పిలుస్తారు. మనిషి పొట్టి. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప రోడ్డు కనిపించదు. కానీ ఒక్కసారి హారన్ కొట్టిందంటే, పళ్ళు తోముకుంటున్న పిల్లలు బ్రష్షుతో సహా గేటు దగ్గర ప్రత్యక్షమవుతారు.

భర్త దర్జీ. ముందు గదిలోనే మిషను. కొత్త బట్టలు కుట్టడం తక్కువ. ప్యాంటు పొడుగు తగ్గించడం, జిప్పు మార్చడం, కిటికీ తెరలు కుట్టడం ఎక్కువ. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకుంటాడు, అందుకే మాట్లాడడని కొందరంటారు. సూదులు తీసినా మాట్లాడడని భార్య అంటుంది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది కాలేజీకి వెళ్తుంది, చిన్నది తల్లి వ్యాన్‌లోనే బడికి పోతుంది. వీళ్ళందరి మీదా పెత్తనం చెయ్యడానికి అత్తగారు ఉండనే ఉన్నారు.

ఆ బడికే ఇంకో వ్యాన్ నడిపే పెద్దాయన ఉండేవాడు. వ్యానక్క ఆయన్ని బాబాయ్ అనేది. ఓ వానాకాలంలో బడి ఆవరణలో నాచు మీద కాలు జారి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే అయింది, మళ్ళీ నడిచాడు కూడా. కానీ ఆస్పత్రి ఖర్చుకి వ్యాన్ అమ్మేశారు. కొన్నాళ్ళ తర్వాత ఈవిడ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే పక్కనే ఆ వ్యాన్ వచ్చి ఆగింది. పక్కలకి అంటించిన పిల్లల బొమ్మలు గీకేసిన మరకలు ఇంకా కనిపిస్తున్నాయి. లోపల సీట్లు లేవు, నీళ్ళ క్యాన్లు ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మొగుణ్ణి అడిగింది.

"మనకి ఇన్సూరెన్స్ ఉందా?"

ఆయన నోట్లో సూదులు తీసి, "ఉందిగా. ఏడాదికోసారి కడుతూనే ఉన్నాంగా" అన్నాడు.

"అది వ్యాన్‌కి. మరి నాకు?"

ఆయన సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

"వ్యాన్ అద్దం పగిలితే అడిగే నాథుడున్నాడు, నా కాలు విరిగితే లేడు. ఈ ఇంట్లో నాకంటే బండికే విలువెక్కువన్నమాట!"

"బండి ఎదురు మాట్లాడదు కదమ్మా మరి" అన్నారు వంటింట్లోంచి అత్తగారు.

అంటే అన్నారు గానీ, మర్నాడే ఆవిడ తన మేనల్లుడికి కబురు పెట్టారు. అతను ఇన్సూరెన్స్ ఏజెంటు. మనిషి మంచివాడే, మాట మాత్రం తీగపాకం. తళతళలాడే బూట్లు గుమ్మం దగ్గర విప్పి లోపలికొచ్చి, బట్ట కత్తిరించే బల్ల మీద రంగురంగుల కాగితాలు పరిచేశాడు.

"అక్కా, ఇది చూడు. ఇరవై ఏళ్ళు కట్టావంటే కట్టినదంతా తిరిగొస్తుంది, పైన బోనస్. బంగారం లాంటి పాలసీ."

పెద్దమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పింది. "మామయ్యా, నాన్న ఆస్పత్రిలో చేరితే దీంట్లోంచి ఇస్తారా?"

"దానికి వేరే ఉందమ్మా."

"మరి ఇరవై ఏళ్ళదాకా నాన్నకి జ్వరం కూడా రాకూడదన్నమాట."

అతను గతుక్కుమని, సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. ఇది ఆస్పత్రి ఖర్చులకి. అందరి వివరాలూ రాసుకుంటూ అత్తగారి దగ్గర కలం ఆపాడు. గొంతు తగ్గించి, "అత్తయ్యకి షుగర్ ఉందని రాయొద్దులే అక్కా. రాస్తే అనవసరంగా మెలిక పెడతారు" అన్నాడు.

ఇంట్లో షుగర్ మాట ఎత్తితేనే ఇష్టపడని అత్తగారికి ఈ మాట తేనెలా ఉంది. వ్యానక్క మాత్రం ఒప్పుకోలేదు.

"నువ్వు నాకు పాత బండి అమ్ముతున్నావనుకో తమ్ముడూ. బ్రేకు సరిగ్గా పడదన్న సంగతి దాచి అమ్మితే నిన్నేమనాలి?"

"అందరూ ఇలాగే రాస్తారక్కా."

"రాసుకోనీ. రేపు ఆవిడ మంచాన పడ్డాక, ఉన్న జబ్బు దాచారని వాళ్ళు చేతులెత్తేస్తే ఆ బిల్లు నువ్వు కడతావా?"

"టీ బాగుందక్కా" అన్నాడతను.

అతన్ని నొప్పించలేదు. ఆలోచించి చెప్తానని పంపించేసింది. ఆ తర్వాత మొదలెట్టింది అసలు పని. ఆవిడకి ఒక అలవాటుంది. టైరు కొనాలన్నా, అమ్మేవాణ్ణి అడగదు. అదే టైరు వేసుకుని రెండు వానాకాలాలు తిరిగినవాణ్ణి అడుగుతుంది. పాలసీ సంగతీ అలాగే చేసింది. పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకునేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డ తల్లుల్ని పట్టుకుని, "మీ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో పడుకుని పాలసీ డబ్బు తీసుకున్నారా? ఫోన్ చేస్తే ఎత్తారా? ఎంత కోశారు?" అని అడగడం మొదలుపెట్టింది.

పాలసీ కొన్న కథ ఎవరూ చెప్పలేదు గానీ, డబ్బు తీసుకున్న కథ మాత్రం పూసగుచ్చినట్టు చెప్పారు. కవల పిల్లల తల్లి ఒకావిడ చెప్పడం మొదలుపెడితే వ్యాన్ కదల్లేదు.

"మాకు గది అద్దె ఇంతవరకే ఇస్తామని ముందే రాసుందట అక్కా. మేం చూసుకోలేదు. ఏసీ ఉంది, విడి గది, హాయిగా ఉందని తీసేసుకున్నాం. తేడా ఏమైనా ఉంటే గది అద్దెలోనే కదా అనుకున్నాం. తీరా చూస్తే డాక్టరు ఫీజులోనూ, ఆపరేషన్ ఖర్చులోనూ, అన్నిట్లోనూ అదే లెక్కన కోశారు. మా ఆయనకి జబ్బు తగ్గింది గానీ, బిల్లు చూశాక బీపీ వచ్చింది."

ఆ రోజు వ్యాన్ బడికి ఆలస్యంగా చేరింది. హెడ్ మాస్టరుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. వ్యానక్క దిగి సంజాయిషీ చెప్పబోయి, చివరికి ఆయన్నీ అదే ప్రశ్న అడిగిందట. ఆయన కోపం మర్చిపోయి, తన మోకాలి ఆపరేషన్ సంగతంతా చెప్పుకొచ్చారు. ఏజెంటు ఎవరైనా సరే, మన ఇంటికి దగ్గరున్న ఆస్పత్రి పేరు పాలసీ చెల్లే ఆస్పత్రుల జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోమని మరీ మరీ చెప్పారు.

ఇంత చేసి కూడా ఆవిడ ఒకసారి బోర్లాపడింది. ఒకరోజు ఫోన్‌లో ఏదో పాలసీ చూసి, అంత తక్కువకి కొత్త చెప్పులైనా రావని ఎగిరి గంతేసింది. మందుల షాపాయనకి గొప్పగా చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని మెల్లిగా చదివాడు.

"అమ్మా, ఇది ప్రమాదం జరిగితేనే. జబ్బు చేస్తే ఇవ్వరు."

"అంటే జ్వరం వస్తే వెళ్ళి స్తంభాన్ని గుద్దుకోవాలా?"

"అది తప్పుడు పాలసీ ఏం కాదు. బండి నడిపేదానివి, అదీ ఉంటే మంచిదే. కానీ అదొక్కటే ఉంటే చాలదు."

ఆవిడ దుకాణం మెట్ల మీద కూర్చుని చాలాసేపు తనని చూసి తనే నవ్వుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కత్తిరింపు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. పై నుంచి నన్ను కూడా పిలిచారు, తగువొస్తే తీర్చడానికి. మేనల్లుడూ వచ్చాడు. భార్యాభర్తలకీ పిల్లలకీ కలిపి ఒక ఆస్పత్రి పాలసీ తీసుకుందామనుకున్నారు. అత్తగారిని అందులోనే కలిపితే, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ వయసుని బట్టి కట్టాల్సింది పెరుగుతుంది. అందుకని ఆవిడకి విడిగా ఇంకోటి. షుగర్ ఉందని రాస్తే ఆ జబ్బుకి సంబంధించిన ఖర్చు కొన్నేళ్ళదాకా ఇవ్వరు, మిగతావి ఇస్తారు. ఆవిడ బిల్లులో కొంత భాగం ఎప్పుడూ మనమే పెట్టుకోవాలి. సరే అనుకున్నారు.

"వయసెంత రాయను అత్తయ్యా?" అన్నాడు మేనల్లుడు.

"అరవై రెండు."

"పుట్టిన తేదీ ఉన్న కార్డు ఏదైనా ఇవ్వు."

ఆవిడ కదల్లేదు. చిన్న మనవరాలు చురుగ్గా లేచి బీరువాలోంచి కార్డు తెచ్చి పైకి చదివింది. బల్ల చుట్టూ అందరూ వేళ్ళ మీద లెక్కలు మొదలుపెట్టారు. అరవై ఎనిమిది తేలింది.

దర్జీ నోరు తెరిచాడు. అదృష్టం, అప్పుడు నోట్లో సూదులు లేవు. "అమ్మా! నేను చదివే రోజుల నుంచీ నీ వయసు తప్పే చెబుతున్నావా?"

"తప్పేముందిరా? మా చెల్లెలు ఊరందరికీ తనకి అరవై అని చెప్పుకుంటుంటే, దాని కంటే రెండేళ్ళే పెద్దదాన్ని, నేను అరవై ఎనిమిదెలా అవుతాను?"

నవ్వి నవ్వి వ్యానక్కకి పొలమారింది. ఆ నవ్వులోనే మేనల్లుడు కొత్త లెక్క వేసి చూపించాడు. అత్తగారి ప్రీమియం బాగానే పెరిగింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"నన్నొదిలేయండర్రా. పాత బండికి ఎవరైనా ఇన్సూరెన్స్ చేయిస్తారా?"

"పాత బండినే కదా అత్తయ్యా జాగ్రత్తగా చూసుకోవాలి. కొత్తదైతే దాని పాట్లు అదే పడుతుంది" అంది వ్యానక్క. "సీటు కవర్లు మారుద్దామనుకున్నాను. ఈ ఏడాదికి ఆపేస్తాలే."

తర్వాత తన పేరున ప్రాణానికి పాలసీ సంగతి ఎత్తింది. ఇంట్లోకి ఎక్కువ తెచ్చేది తనే కాబట్టి, తనకేమైనా అయితే పిల్లల చదువు ఆగకూడదని. బతికి బట్టకడితే పైసా తిరిగి రానిది, అందుకే చవకది. అప్పటిదాకా ఉలకని పలకని దర్జీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"నువ్వు పోతే నాకు డబ్బిస్తారా? నాకొద్దు. ఆ డబ్బు పెట్టుకుని నేనేం చేసుకోను? ఇంకోసారి ఆ మాట అనకు."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినడం అదే మొదలు. వ్యానక్క కళ్ళు తుడుచుకుని, "నీకు కాదయ్యా, పిల్లలకి. నేను లేకపోతే నువ్వు దిగులుతో ఊళ్ళో ప్యాంట్లన్నీ మోకాళ్ళదాకా కత్తిరించేస్తావు, అప్పుడు వీళ్ళనెవరు చూస్తారు?" అంది. ఆయన మెల్లిగా కూర్చున్నాడు.

"వీటిల్లో నాకొచ్చే కమీషన్ బొత్తిగా తక్కువక్కా" అని మేనల్లుడు నిట్టూర్చాడు.

"అయితే మాకు మంచివే అయ్యుంటాయి, రాయి తమ్ముడూ."

కొత్త సీటు కవర్లు కొనలేదు గానీ, ఆ వారంలోనే దర్జీ మిగిలిపోయిన తెరల ముక్కలన్నీ కలిపి వ్యాన్‌కి కవర్లు కుట్టేశాడు. ఒక సీటు మీద గులాబీలు, ఒక దాని మీద చారలు, ఒక దాని మీద ఏనుగులు. ఏనుగుల సీటు కోసం పిల్లలు రోజూ కొట్టుకునేవాళ్ళు.

పాలసీలు తీసుకున్న ఆర్నెల్లకి, ఒక మధ్యాహ్నం, దర్జీ కడుపు పట్టుకుని మిషను మీదే వాలిపోయాడు. వ్యానక్క పిల్లల్ని దింపే పనిలో ఉంది. అత్తగారు ఫోన్ చేసి, "నువ్వు కంగారు పడి బండి తోలకు. పిల్లలందర్నీ ఇళ్ళకి చేర్చే రా. ఇక్కడ నేనున్నాను" అన్నారు. అన్నట్టే పెద్దమ్మాయినీ నన్నూ తోడు తీసుకుని, టాక్సీలో కొడుకుని ఆస్పత్రిలో చేర్పించారు. అపెండిసైటిస్, ఆపరేషన్ వెంటనే చెయ్యాలన్నారు. వ్యానక్క వచ్చేసరికి కౌంటర్ దగ్గరమ్మాయి, "విడి గది ఖాళీగా ఉందండి, ఇమ్మంటారా?" అని అడుగుతోంది.

"వద్దమ్మా, ఇద్దరుండే గది ఇవ్వు. మా పాలసీ అంతవరకే" అంది ఊపిరి తీసుకోకుండా. అంటూనే సంచిలోంచి పాలసీ కార్డు తీసి ఇచ్చింది.

కార్డు ఇచ్చాక కూడా బీమా కంపెనీ అనుమతి ఓ పట్టాన రాలేదు. ఈ కాగితం కావాలన్నారు, ఆ సంతకం కావాలన్నారు. మేనల్లుడు బత్తాయిల సంచితో వచ్చి, ఆ సంచి నా చేతిలో పెట్టి, కౌంటర్‌కీ డాక్టరు గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. తళతళలాడే బూట్లు దుమ్ము కొట్టుకుపోయాయి. చివరికి ఆపరేషన్ అయింది, అనుమతీ వచ్చింది. చేతి తొడుగులకీ ఇంకేవో చిల్లర వాటికీ మాత్రం కంపెనీ డబ్బివ్వదన్నారు. ఆ కాస్త కట్టి, "తొడుగులు లేకుండా చెయ్యరుగా మరి!" అని వ్యానక్క గొణుక్కుంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, వ్యాన్ తాళాలు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని బత్తాయి వలిచి తొనలు ఒక్కొక్కటే నోట్లో పెట్టారు.

గదిలో రెండో మంచం మీద ఒక కాలేజీ మేష్టారు ఉన్నాడు. ఇంటికెళ్ళే రోజు ఆయన ప్యాంటు వేసుకుంటుంటే మన దర్జీ చూసి, "అంచు ఊడిపోతోంది సార్, పంపండి" అన్నాడు. ఇంటికొచ్చాక బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి, ఆయన మహారాజులా కూర్చుని ఆ ప్యాంటు అంచు చేత్తోనే కుడుతుంటే పిల్లలు దారం అందించారు, అత్తగారు మిషను తిప్పనివ్వలేదు.

నెల తిరిగాక ఒక ఆదివారం ఆ వ్యాన్‌లో అందరం షికారుకి బయల్దేరాం. మేనల్లుడు పెళ్ళాంతో సహా వచ్చాడు. అత్తగారు ముందు సీట్లో కూర్చుని, "ఎడమకి తిప్పు, వాణ్ణి దాటించు, మెల్లిగా!" అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు. వ్యానక్క ఒక్క మాటా వినలేదు. అద్దంలోంచి వెనక్కి చూసుకుంటూ, పిల్లలతో పాటు గొంతెత్తి పాడుతూ నడిపింది.