కంచులో జమ్లవ్వ

జనగామ ఊరి చివర రేకుల షెడ్డులో నిజాముద్దీన్ కంచు పోస్తాడు. ఆయన భార్య హసీనా మైనంతో బొమ్మలు తీరుస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె పని ఇసుక జల్లించడమే. ఒకసారి భర్త చెయ్యి కాలి మంచాన పడితే, ఆగిపోయిన పని తనే పూర్తి చేసింది. అప్పటి నుంచి పెద్ద ఫలకాల మీద ముఖాలన్నీ ఆమె చేతివే.

నిరుడు ఎండాకాలంలో కొడకండ్ల దగ్గరి తండా నుంచి ప్రేమ్‌సింగ్ అనే రైతు వచ్చాడు. అతని తల్లి జమ్లీ తన చెలక భూమిని బడికి రాసిచ్చింది. ఆ బడి గోడకు ఆమె ముఖంతో పెద్ద కంచు ఫలకం పెట్టాలని తండావాళ్ల కోరిక. ఫొటో చూసి హసీనా మైనంలో ముఖం తీర్చింది. అదెలా వచ్చిందో తెలుసుకుందామని జమ్లీ కొడుకు వెంట ఆటోలో దిగింది. ఆమెకు చూపు లేదని హసీనాకు అప్పుడే తెలిసింది.

"జర నా చెయ్యి దాని మీద పెట్టు బిడ్డా" అంది జమ్లీ. మెల్లగా తడిమి, పకపకా నవ్వింది. "గిదెవ్వలు? ముక్కు గింత సన్నగ ఉన్నదేంది?"

హసీనా సిగ్గుపడింది. "ఫొటో చూసి చేసిన అవ్వా. నీ మొఖం ఒక్కపారి పట్టి చూస్త, ఏమనుకోవు గదా?"

"పట్టు, పట్టు. మా ఆయన పోయినంక దీన్ని ముట్టినోళ్లెవరు?"

హసీనా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నుదుటి ముడతల మీదుగా, వెడల్పాటి ముక్కు మీదుగా, చెంప మీది సొట్ట దాకా నెమ్మదిగా నడిచాయి. జమ్లీ కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది.

హసీనా మైనం సరిదిద్దింది. కానీ కంచు పోశాక అచ్చు పగలగొట్టి చూస్తే, చెంప దగ్గర లోహం పారక ముందే గడ్డకట్టింది. కంచు పోసే ముందు అచ్చులోంచి మైనాన్ని కరిగించి తీసేస్తారు కాబట్టి, ఆ మైనం ముఖం కూడా ఇక లేదు.

"అతుకేసి అరగదీస్తే కండ్లకు తెలువది" అన్నాడు నిజాముద్దీన్.

"ఆమె చేతికి తెలుస్తది."

ఆయన ఆ కంచును మళ్లీ కరిగించడానికి పక్కన పెట్టాడు. ముసలమ్మను మళ్లీ ఎండలో తిప్పడం ఇష్టం లేక, హసీనా తన వేళ్లకు గుర్తున్నదాన్ని బట్టే ఆ ముఖాన్ని మొదటి నుంచి చేసింది. ఈసారి కంచు నిండుగా పారింది.

బడి తెరిచిన రోజు తండా అంతా చూస్తుండగా జమ్లీ ఫలకాన్ని తడిమింది. ముక్కు దగ్గర ఆగింది. చెంప దగ్గర ఆగింది. "నేనే" అంది. "నా పేరేడున్నది?"

హసీనా ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదుగా నడిపింది. జమ్లీ చదువుకోలేదు. అయినా రెండోసారి తనంతట తనే ఆ గీతల వెంట వేలు పోనిచ్చింది. ఆ తర్వాత కూడా జమ్లీ ఆమె చెయ్యి విడవలేదు.

"నీ చేతుల నిండ గీ బొబ్బలేంది బిడ్డా?"

"కొలిమి పని గదా అవ్వా."

"మా ఇంటికి రా. జర నూనె రాస్త. రొట్టె గిట్ల తినిపో."

వద్దనాలని కూడా హసీనాకు తోచలేదు. ముసలమ్మ పక్కన నడిచింది.