జపాన్ పుస్తకాల గది

మూసిన గదిలో హత్య. లోపల గడియ వేసే ఉంటుంది, హంతకుడు మాయం. ఇలాంటి జపాన్ డిటెక్టివ్ నవలల్ని తెలుగు చేయించి, దిద్ది, అచ్చు వేయించడమే నా ఉద్యోగం. అనువాదకులు నన్ను చూస్తే హడలిపోతారు. "కిటికీ ఎంత వెడల్పో రాయకుండా మనిషి అందులోంచి ఎలా దూరాడయ్యా?" అని ముఖం మీదే అడిగే రకాన్ని. పత్రికల్లో విమర్శలూ అలాగే రాశాను. అందుకే రచయితల ఇళ్లలో పెళ్లిళ్లకు నాకు పిలుపులు రావు. రాకపోతే పోనీ.

బాధంతా పుస్తకాలతోనే వచ్చింది. మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో ఇల్లు కట్టుకున్నప్పుడు, వెనక గది నీదేనని మా ఆవిడకు మాటిచ్చాను. తనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. ఆ గదిలోకి ముందు నా పుస్తకాలు చేరాయి. తను వంటింట్లో ఫ్రిజ్ పక్కన చిన్న బల్ల వేసుకుని, కుక్కర్ కూసినప్పుడల్లా "సారీ, సారీ" అని మైకు ఆపుకుంటూ నెట్టుకొచ్చింది. నా గదిలో మాత్రం నాకు చదవడమే రాని జపాన్ పుస్తకాలు గోడంతా దర్జాగా కూర్చున్నాయి. అట్టమీద బొమ్మలు బాగున్నాయని కొన్నాను. పిచ్చి, ఏం చేయను!

"ఇంకొక్క పుస్తకం ఇంట్లోకొచ్చిందంటే నేను మా అక్కావాళ్లింటికి వెళ్లిపోతాను. ఉత్తినే అనట్లేదండీ," అంది ఆమధ్య. అరవకుండా మెల్లగా అంది. నాకు నిజంగా భయమేసింది. భయమేసినవాడు ఊరుకోవాలా వద్దా?

తను ఆఫీసుకు వెళ్లిన ఒకరోజు చేవెళ్ల పోయి, పాతసామాన్ల దుకాణంలో దొరికిన నవలల్ని గోనెసంచి నిండా ఆటోలో వేసుకొచ్చాను. వీధి తలుపు గడియపెట్టి, వెనక గదిలోకి దూరి, తలుపు దగ్గరగా వేసి, వాటిని ఇనప రాక్ పై అరలో కుక్కాను. రాక్ ముందుకు ఒరిగింది. నేను పక్కకు దూకాను గానీ, అది తలుపుకు అడ్డంగా పడి బిగుసుకుపోయింది. ఆ తలుపేమో లోపలికి తెరుచుకునేది. ఫోను హాల్లో ఉంది. పుస్తకాలు తీసి పక్కన పెడదామంటే ఆ గదిలో పక్క అనేదే లేదు.

  సాయంత్రం తనొచ్చి వీధి తలుపు కొడితే తీసే దిక్కు లేదు, ఈ చేవెళ్ల నవలలు చూసిందంటే ఇంట్లో ఉండదు. కిటికీ దాకా పుస్తకాల మీదే పాకి కేకలు పెట్టాను. పక్క ప్లాటులో బర్రెను మేపుకునే అవ్వ వచ్చింది.

"ఏమైంది బిడ్డా, గట్ల ఒర్రుతున్నవ్?"

చెప్పాను. అవ్వ ఊచల్లోంచి తొంగిచూసి నోటి మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, గిండ్ల ఎట్ల ఉంటున్నవ్ నాయనా! ఫికర్ చెయ్యకు. ఒక్కోటి ఇటియ్యి, బయట పెడత. జర బరువు తగ్గితె అదే లేస్తది."

మిర్చి ఆరబోసుకునే టార్పాలిన్ తెచ్చి కిటికీ కింద పరిచింది. ముందు చేవెళ్ల నవలలు అందించి, ఆనక అరలమీదివి అందిస్తూ పోయాను. జపాన్‌వాళ్లు జేబులో పట్టేట్టు చిన్నగా వేస్తారు, అవి ఊచల మధ్య నుంచి సులువుగా జారాయి. మనవి బైండు చేయించినవి ఇరుక్కున్నాయి. అట్టలు చిరుగుతుంటే ప్రాణం ఉసూరుమంది. చేతులు పడిపోతాయనుకుంటుండగా రాక్ కదిలింది. దాన్ని ఎత్తి, తలుపు సందులోంచి బయటపడి, పుస్తకాలన్నీ మళ్లీ లోపలికి చేరేద్దామని ఇంటి వెనక్కి పరిగెత్తాను.

అప్పుడే గేటు ముందు మా ఆవిడ క్యాబ్ ఆగింది.

నా వెనకే వచ్చి, పుస్తకాల గుట్టను చూసి నిలబడిపోయింది. "ఇవన్నీ... మీరే తీశారా?"

నేను నోరు తెరిచేలోగా అవ్వ అందుకుంది. "మధ్యాహ్నం సంది ఒక్కడే తీస్తున్నడమ్మా. ఆ చేతులు చూడు, ఎట్ల గీసుకపోయినయో."

అవ్వ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. మా ఆవిడ బ్యాగు కింద పడేసి నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "నేనెన్నేసి మాటలన్నానండీ మిమ్మల్ని! ఆదివారం వచ్చేస్తున్నానని అక్కకు కూడా చెప్పేశాను."

 ఏ రచయితైనా ఇలాంటి ముగింపు పంపితే, "అక్కడ నిజం చెప్పించవయ్యా" అని తిప్పికొట్టేవాణ్ణి. నేను మాత్రం కింద పడ్డ తన బ్యాగు తీసి దులపసాగాను.

తను కాళ్లయినా కడుక్కోకుండా వంటింట్లోంచి బల్ల మోసుకొచ్చి, మిగిలిన పుస్తకాల్ని కాలితో జరిపి, కిటికీ పక్కన వేసుకుంది. కుర్చీలో కూర్చుని ఖాళీ అయిన గోడను చూసుకుంటోంది. ఆ ముఖంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో.

"ఏ రంగు వేయిద్దామండీ?" అంది.

కిటికీ అవతల నుంచి అవ్వ కేకేసింది. "బిడ్డా, పొద్దుగూకుతున్నది. వీటిని మళ్ల లోపలికి అందియ్యాల్నా?"

మా ఆవిడ నా వైపు తిరిగింది.

"వద్దవ్వా," అన్నాను.