ఎనిమిది వాటాల కాయితం

మొన్న ఆదివారం పొద్దున్న మా పై వాటాలో కొత్తగా దిగిన భార్యాభర్తలు తలుపు కొట్టి, మెట్ల పక్క ఖాళీలో లిఫ్టు పెట్టించుకుందామనుకుంటున్నామనీ, దానికి వాటాదార్లందరి ఒప్పుదల కావాలనీ చెప్పి, ఓ కాయితం నా ముందు పరిచి వేలిముద్ర వెయ్యమన్నారు. వేసేను గానీ, ముందు దానిమీద ఎన్ని ముద్రలున్నాయో రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ముసలితనం కాబోలు అనుకున్నారు పాపం. కాదు. అలాంటి కాయితం కోసం ఒకప్పుడు నేను ఇదే మెట్లమీద ఇంటింటికీ తిరిగి కాళ్లు పట్టుకున్నాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా చదువు గుణింతాల దగ్గరే ఆగిపోయింది, అంచేత నేను చెబుతూ ఉంటే గుడిలో తెలుగు పాఠాలు చెప్పే పంతులమ్మగారు రాస్తున్నారు. ఆ రోజులు చూసిన నా ఈడువాళ్లు చదివితే చాలు.

మా మేడ బర్మాలో, లమ్మడా అనే పేటలో ఉంది. నాలుగంతస్తులు, అంతస్తుకి రెండేసి వాటాలు, మాది మూడో అంతస్తు. ఎవరి వాటా వాళ్లదే అయినా గోడలూ మెట్లూ పైకప్పూ ఎనిమిదిళ్లవాళ్లవీ. గోడకి చిన్న కన్నం పెట్టాలన్నా అందరూ ఒప్పుకుని కాయితంమీద ముద్ర వెయ్యాలి, ఆ పైన పేట ఆఫీసువాళ్లు సీలు వెయ్యాలి. మరుగుదొడ్లు మాత్రం అందరికీ కలిపి కింద వెనక సందులో రెండే. కాళ్లు ఆడినన్నాళ్లూ అదో కష్టమని ఎవరికీ తోచలేదు. మా ఆయన అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు, వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి చేసిందీ ఆ పనే. ఓనాడు బస్తాల వరస కూలి ఆయన నడుంమీద పడింది. ప్రాణం మిగిలింది, నడుం కింద మాత్రం మనిషి లేకుండా పోయేడు.

మొదట్లో ఆయన్ని వీపున వేసుకుని అన్ని మెట్లూ దించి, మళ్లీ ఎక్కించేదాన్ని. ఓసారి కాలు జారి ఇద్దరం దొర్లిపోయేం. ఆ మీద మంచం దగ్గరే బేసిను పెట్టేను. నేను అది ఎత్తి పట్టుకెళ్తుంటే ఆయన గోడవైపు తిరిగిపోయేవాడు. కొన్నాళ్లకి తిండి తగ్గించేసేడు. గుప్పెడు మెతుకులు, గుక్కెడు నీళ్లు, అంతే. ఏటయ్యా ఇది అని ఏడిస్తే, తింటేనే కదా వెళ్లాల అనీవాడు. డొక్కలు లోపలికి పోయి, చేతులు పుల్లలయిపోయి, నా కళ్ల ముందర మనిషి సిగ్గుతో చచ్చిపోతున్నాడు. వాటాలోనే ఓ మూల దొడ్డి కట్టించగలిగితే, దేక్కుంటూ తనంతట తాను వెళ్లగలిగితే, ఈయన మళ్లీ అన్నం తింటాడని నాకు తోచింది. ఇంక వేరే ఆలోచన లేదు నాకు.

కాయితం రాయించుకుని తిరిగితే ఆరిళ్లవాళ్లు ఒప్పుకున్నారు. నాదీ కలిపి ఏడు ముద్రలు. మిగిలింది సరిగ్గా మా కింద వాటా ముసలమ్మ. ఆవిణ్ణి అందరం అఫ్వా అనేవాళ్లం, బర్మా మాటలో అవ్వ అని. మా ఆయనకి గంజి పంపే మనిషే, ముద్ర అడిగితే మాత్రం తల అడ్డంగా ఆడించింది. దొడ్డి మా వంటమూల కట్టాలనుకున్నాం, దాని గొట్టం వెనక గోడ వెంబడే దిగాలి, ఆ గోడకి మా వంటమూల కిందే వాళ్ల బుద్ధుడి పీఠం ఉంది. బుద్ధుడి తలమీద దొడ్డి రానిస్తే ఎంత పాపమోనని ఆవిడ భయం. ఆ భయం నా చెవికెక్కితేనా. నా మనిషి పోతుంటే నీకు బొమ్మ ఎక్కువైందా అని మెట్లమీద నిలబడి వీధంతా వినేలా తిట్టేను. అక్కడితో ఊరుకోలేదు. ఆడదాని కిందిబట్ట నెత్తిమీద ఉంటే మగాడి తేజస్సు పోతుందని వాళ్ల నమ్మకం కదా, వాళ్ల అల్లుడు నీళ్లు పోసుకునే వసారా మీదకి నా తడి లంగాలు వేలాడదీసేను. తెలిసే చేసేను. ఈ వయసులో అబద్ధం ఎందుకు.

ఇంతలో ఎనభై ఎనిమిది వానాకాలం వచ్చింది. ఇండియా నుంచి ఉత్తరం వస్తే ఎవరో విప్పి చదివి మళ్లీ అంటించిన గుర్తులుండే దేశం మాది, బయట ఏటవుతోందో మాకూ, లోపల ఏటవుతోందో బయటివాళ్లకీ తెలీని దేశం, అలాంటిది ఒక్కసారి నోరు విప్పింది. మిలిటరీ ఏలుబడి పోవాలని సమ్మె కట్టి పిల్లలూ పెద్దలూ వీధిలోకి వచ్చేసేరు. సిపాయిలు రాకుండా మా వీధి చివర వెదురు కంచె కట్టేరు. పేట ఆఫీసుకి తాళం పడింది, సీలు వేసే పెద్దమనిషి మింగళాడోన్‌లో మిలిటరీ చుట్టాల దగ్గరికి పారిపోయేడన్నారు. మఠంలో ఉండే బౌద్ధ సన్యాసి, పొంగీగారు, నలుగురు పెద్దల్ని కూడగట్టుకుని పేట మంచిచెడ్డలు చూసేవారు.

మా తాపీమేస్త్రీ, అతను మనవాడే, వచ్చి, "అడిగీవోడెవడింక వదినా? ఆపీసే లేదు. వంటమూల గోడ కొట్టీమంటే కొట్టీడమే!" అన్నాడు. నేను సరే అన్నాను. గునపం కూడా తెచ్చేడు. మంచంమీంచి మా ఆయన గొంతు లేచింది. "ఓలే, ఆళ్లు పొద్దుటా సాయంత్రం మొక్కుకునే దేవుడి నెత్తిన కూకోబెడతావేటే నన్ను? ఇలాగే పోనీ."

వెనక గోడకి మరింక మిగిలింది ఒక్కటే మూల, ఈశాన్యం. అక్కడ మా సింహాచలం అప్పన్న పటం, నూకాలమ్మ పటం, మా అత్తగారు పెట్టిన దీపం చెక్క. ఈశాన్యంలో దొడ్డి అంటే మనవాళ్లు చెవులు మూసుకుంటారు. మూడ్రోజులు ఆ పటాలకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ మూడ్రోజులూ ఆయన మంచినీళ్లు కూడా ముట్టలేదు. నాలుగోనాడు ఏడుస్తూ మేకులు పీకడం మొదలెట్టేను. ఆ చప్పుడికి, వాళ్ల బుద్ధుడి మీదే కొడుతున్నానేమోనని అఫ్వా ఆయాసపడుతూ పైకొచ్చింది. పసుపూ కుంకం మరకలతో బోసిపోయిన గోడనీ, నా ఒళ్లో పటాలనీ చూసింది. పటాలు రెండూ నా ఒళ్లోంచి తీసుకుని కిందికి పట్టుకెళ్లి, తన బుద్ధుడి పీఠం కింది మెట్టుమీద పెట్టి, మళ్లీ పైకొచ్చి, కాయితం అడిగి ముద్ర వేసింది. సీలు లేదు గనక పొంగీగారు కింద ఒప్పుదల రాసి తన పేరు పెట్టేరు.

అహ్లోన్‌లో ఓ పాత ఇల్లు పడగొడుతుంటే దొరికిన పింగాణీ దొడ్డి గిన్నె పెట్టి మేస్త్రీ రెండు వారాల్లో దొడ్డి కట్టేసేడు. మా ఆయన దేక్కుంటూ వెళ్లి, తలుపేసుకుని, తిరిగొచ్చి, చెయ్యి కడుక్కుని, అన్నం పెట్టవే అన్నాడు. ఎండుచేపల పులుసుతో రెండుసార్లు వేయించుకున్నాడు. పైన ఏ దేవుడికి దండం పెట్టాలో తెలీక కంచానికే దండం పెట్టేను.

నెల తిరక్కుండానే మిలిటరీ దిగింది. తుపాకులు పేలేయి, కంచెలు లాగేసేరు, పొంగీగారికి కాషాయం విప్పించి తీసుకుపోయేరు. సమ్మె రోజుల్లో ఎవరెవరు ఏ కాయితంమీద పేరు పెట్టేరని ఇల్లిల్లూ సోదా చేస్తున్నారని తెలిసింది. నా దగ్గరున్న కాయితంలో ఎనిమిది ముద్రలు, కింద పొంగీగారి చేతిరాత. దొడ్డికోసం అంటే ఎవరు వింటారు? ముద్రలేసినవాళ్లెవరూ దాన్ని తీసెయ్యమనలేదు, మెట్లమీద ఎదురైతే నా మొహంలోకి చూసి పోయేవారు అంతే. ఆ కాయితం అన్నం కుండ కింద పెట్టి కాల్చేసేను.

తరవాత కొత్త పేట ఆఫీసువాళ్లు ఇద్దరూ, ఓ సిపాయీ వచ్చి, ఇదెవరు కట్టమన్నారు, కాయితమేదీ అని అడిగేరు. అఫ్వా వెనకే ఎక్కొచ్చింది, నేనే ఒప్పుకున్నాను అనడానికి నోరు తెరిచింది. ఒప్పుకున్నావంటే ఎవరి ముందు, ఎవరు రాసేరు అని లాగుతారు కదా. "నా ఇంట్లో నీకేటి పనే ముసిల్దానా? పో, పోయి నీ బొమ్మలు కడుక్కో!" అని వాళ్ల భాషలోనే అరిచేను. ఈ ముసిల్దానికి మొదట్నుంచీ నాతో తగువే, ఎవరూ ఒప్పుకోలేదు, నేనే దొంగతనంగా కట్టుకున్నానని చెప్పేను. లంగాల తగువు వీధంతా ఎరిగిందే గనక నమ్మేరు. అఫ్వా నాకేసి ఓసారి చూసి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆయన చూస్తుండగానే సమ్మెటతో గిన్నె పగలగొట్టి, కన్నంలో సిమెంటు పోసేసి వెళ్లేరు. ఆ పూట కంచం పెడితే ఆయన నెమ్మదిగా పక్కకి జరిపేడు. నేను కాయితం ఎందుకు కాల్చేనో ఆయనకి తెలుసు. ఎండాకాలం రాకుండానే పోయేడు. ఏడిళ్లవాళ్ల కోసం నా మనిషిని నేనే చంపుకున్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవర్ని అడగను?

అఫ్వా ఉన్నన్నాళ్లూ మా పటాలు కిందే ఉండిపోయేయి. రోజూ సాయంత్రం దిగి వాళ్ల పీఠం దగ్గరే దీపం పెట్టుకునేదాన్ని, ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఆవిడ పోయేక కూతురు పటాలు గుడ్డలో చుట్టి తెచ్చిచ్చి, వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. ఇప్పుడు మా మేడలో ఇంటింటికీ లోపలే దొడ్డి, నున్నటి పలకలు, తిప్పితే నీళ్లు. కింద ఎవరుంటున్నారో పేరైనా తెలీదు. వాళ్ల దేవుడు ఏ గోడకున్నాడో, నేను రోజూ ఆయన నెత్తిమీదే తిరుగుతున్నానేమో. అడుగుదామని రెండుసార్లు మెట్లు దిగేను. ఇలాంటిది కూడా ఎవరైనా అడుగుతారా అనుకుంటారేమోనని, తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చేసేను.