తెల్ల బల్బుల ముందు నడిచిన మనిషి

ముందే చెబుతున్నా... నేను తాగను. ఆ రాత్రి నిద్రమత్తులోనూ లేను. ఒట్టు వేయమంటారా? ఎవరి మీద వేయను... అక్క మీద వేద్దామంటే ఆమె నా ముఖం చూడటమే మానేసింది. వట్టి మాటగానే వినండి. కానీ ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

మాది విరూర్, తెలుగూ మరాఠీ రెండూ వినబడే సరిహద్దు ఊరు. అద్దెకు కారు నడుపుతాను. చంద్రపూర్, రాజురా, ఆవర్‌పూర్... ఈ చుట్టూ తిరగడమే నా బతుకు. మా బావ, అంటే అక్క భర్త, మా ఊళ్ళోనే పత్తి పండించేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మా నాన్న పోయాక నన్ను చేరదీసింది ఆయనే. చేను గట్టు మీద తన పాత జీపు ఇచ్చి నాకు స్టీరింగ్ పట్టడం నేర్పించింది కూడా ఆయనే. నోరు మాత్రం ఊరుకోదు. నన్ను చూస్తే చాలు, ఏదో ఒక ఎత్తిపొడుపు.

మొన్న చలికాలం సంగతి. చంద్రపూర్ లాల్‌పేట్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఏదో పని ఉండి, బావా నేనూ వెళ్ళాం. నా కారు లైట్లు మసకబారి చాలా రోజులైంది. సాయంత్రం బల్బులు మార్పిద్దామని ఒక దుకాణానికి పోయాం. దుకాణదారు మూడు రకాలు వెలిగించి చూపించాడు. డబ్బాల మీద అంకెలు. మూడువేలు అయితే పసుపు. నాలుగువేల మూడువందలు అయితే కాస్త పసుపు కలిసిన తెలుపు. ఆరువేలు... పాలలాంటి తెలుపు. పైన హెడ్‌లైట్లకు మధ్యది వేసుకో, కింద మంచులో వేసే ఫాగ్ లైట్లకు మాత్రం పసుపే వేసుకో అని అతను మరాఠీలో రెండుసార్లు చెప్పాడు.

నాకు తోచింది వేరు. ఆరువేలంటే మూడువేలకు రెట్టింపు కదా... వెలుతురు కూడా రెట్టింపు అనుకున్నాను. ఆ అంకె రంగుకే గానీ బలానికి కాదని తరువాత తెలిసింది. తెలిసి ఏం లాభం?

బావ పసుపు బల్బు పట్టుకుని, "గిది వేయించురా. మంచుల పసుపుదే ఆనుతది, తొవ్వ కనబడ్తది. లారీలోల్లు ఏమన్న పిచ్చోల్లా?" అన్నాడు.

"షాదీలకు పోయే బండి బావా. లారీ లెక్క పసుపు లైట్లేసుకొని పోతే నవ్వుతరు."

"నవ్వెటోల్లు నీకు తొవ్వ చూపెడ్తరా?"

నేను వినలేదు. నాలుగు లైట్లకూ ఆరువేలే వేయించాను. ఎదురుగోడ మీద వేసి చూస్తే పట్టపగలే! బావ చేతిలోని పసుపు బల్బును తిరిగి డబ్బాలో పెట్టేశాడు.

తెల్లారేసరికి బావ చేనులోకి పత్తి ఏరే కూలీలు వస్తారు. అందుకని చిన్నమ్మ ఇంట్లో కాసేపు నడుం వాల్చి మూడింటికే బయల్దేరాం. రాజురా దాటేదాకా రోడ్డు అద్దంలా ఉంది. నేను మురిసిపోతున్నాను. "చూసినవా బావా?" అన్నాను.

అన్నానో లేదో... మంచు దిగింది.

ఎలా చెప్పను... కళ్ళ ముందు తెల్ల దుప్పటి ఆరేసినట్టు. లైటు పోయి దానికి కొట్టుకుని తిరిగి నా కళ్ళలోకే వస్తోంది. డిమ్ చేశాను. ఫాగ్ లైట్లు వేశాను... ఇంకా తెలుపు. బానెట్ చివర కూడా కనబడదు. లైట్లు ఆర్పితే చిమ్మచీకటి. కారు ఆపాను. వెనక నుంచి ఏ బొగ్గు లారీ వచ్చి గుద్దుతుందో అని మాటిమాటికీ వెనక అద్దంలోకి చూశాను.

"చెప్పిన. పసుపుది వేయించురా అంటే ఇన్నవా? నీకు సోకులు గావాలె," అన్నాడు బావ.

"గంత తెలిస్తే దిగి నువ్వే ముందర నడువు!"

కోపంలో అన్నాను. నిజంగా దిగుతాడనుకోలేదు. కానీ మా వైపు అది ఉన్నదే. మంచు మరీ దట్టమైతే ఒకరు దిగి, రోడ్డు అంచు చూసుకుంటూ బండి ముందు నడుస్తారు. బావ తెల్ల తువ్వాల తలకు చుట్టుకున్నాడు. ఛాతీ రుద్దుకుంటూ, "జర పట్టేసినట్టున్నదిరా... సలికి," అన్నాడు. నేను విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

"నా తువ్వాల చూసుకుంట రా. నేనాగితే నువ్వాగు." తలుపు వేసి ముందుకు వెళ్ళాడు. చెప్పుల చప్పుడు... టప్... టప్... టప్...

నేను మూతి ముడుచుకుని అద్దం ఎక్కించేశాను.

కాసేపు ఏమీ కనబడలేదు. తరువాత తువ్వాల కనబడింది. తెలుపులో తెలుపు... దాని కింద మసక మసకగా మనిషి. నడుస్తున్నాడు. ఫస్ట్ గేర్‌లో వెనకే పోయాను. పది నిమిషాలు... ఇరవై... అరగంట. రోడ్డు వంపు తిరిగితే ఆయనా తిరుగుతున్నాడు. ఒక కల్వర్టు దగ్గర నిదానించి కుడికి జరిగాడు. నేనూ జరిగాను. పిట్టగోడ నా ఎడమ తలుపును రాసుకుంటున్నంత దగ్గరగా పోయింది. ఆయన లేకపోతే దానికే గుద్దేవాణ్ణి.

అప్పుడు నాకు ఒకటి తట్టింది...

ఆయన వెనక్కి చూడటం లేదు. ఒక్కసారి కూడా. మా బావ నన్ను తిట్టకుండా పది అడుగులు వేసే మనిషి కాదు. అద్దం కొద్దిగా... కొద్దిగా దించాను. చలి ముఖానికి కొట్టింది. ఇంజిన్ చప్పుడు. ఆకుల మీంచి నీళ్ళ చుక్కలు రాలుతున్న చప్పుడు. ఎక్కడో కుక్క. అంతే...

చెప్పుల చప్పుడు లేదు.

కారు ఆపాను. తువ్వాల కూడా ఆగింది. వెనక్కి చూడకుండానే... నేను ఆగిన సంగతి ఎలా తెలిసింది? మెల్లగా కదిలించాను. అదీ కదిలింది. మా మధ్య ఎంత దూరం ఉందో అంతే దూరం. పెరగదు... తగ్గదు... కోపంగా ఉన్నాడు, అందుకే మాట్లాడటం లేదు, అని నాకు నేనే చెప్పుకున్నాను. బతిమాలడానికి నాకు అహం అడ్డొచ్చింది. అలాగే పోయాను.

విరూర్ రైల్వే స్టేషన్ దీపాలు మసగ్గా కనబడ్డాయి. మంచు పలచబడింది. ముందు రోడ్డు...

ఖాళీ.

దిగి అరిచాను. పొదల్లో చూశాను, కారు కింద కూడా చూశాను. ఫోన్ చేశాను. మోగింది... మోగింది... చివరికి ఎత్తింది బావ కాదు. ఎవరో లారీ డ్రైవరు, మరాఠీలో మాట్లాడుతున్నాడు. రోడ్డు పక్కన ఒక మనిషి పడి ఉన్నాడు, జేబులో ఫోన్ మోగుతుంటే తీశాను అన్నాడు. ఎక్కడ అని అడిగితే ఆనవాళ్ళు చెప్పాడు. నేను బావను దించిన చోటే అది.

వెనక్కి వెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. దెబ్బ లేదు, రక్తం లేదు. తలకు తువ్వాల చుట్టింది చుట్టినట్టే ఉంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. దిగిన కాసేపటికే పడిపోయి ఉంటాడు, వెంటనే తీసుకొస్తే బతికేవాడేమో అన్నాడు. అంటే... పడి ఉన్న మనిషి పక్క నుంచే నేను కారు పోనిచ్చాను.

మరి నా ముందు నడిచింది ఎవరు? తెల్ల వెలుగు మంచుకు తగిలి తిరిగొస్తే లేని ఆకారాలు కనబడతాయి అని బల్బుల దుకాణదారు అంటాడు. కావచ్చు. కానీ ఆకారానికి కల్వర్టు ఎక్కడుందో తెలుస్తుందా? పోతూ పోతూ కూడా నిన్ను ఇల్లు చేర్చి పోయాడు అంటుంది చిన్నమ్మ. అదీ నమ్మలేను. ఆయనే అయితే నన్ను తన దగ్గర ఆపుకోడా? ఆయన్ను అక్కడ వదిలేసేలా నన్ను దూరం తీసుకుపోయింది ఏమిటి... ఎందుకు... నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బల్బులు పీకించి పసుపువి వేయించాను. మంచు పడితే చాలు, అదే రోడ్డు మీద పోయి ఆగుతాను. ఎవరూ కనబడరు.

పదకొండో రోజు అక్క ముందు కూర్చుని ఏడుస్తూ అంతా చెప్పాను. తువ్వాల సంగతి, చప్పుడు లేని నడక సంగతి, అన్నీ. ఆమె దయ్యం ఊసే ఎత్తలేదు. మెల్లగా అడిగింది.

"గంత దూరం మీ బావే నడుస్తుండు అనుకున్నవ్ గద తమ్మీ... సలి పెడ్తది, జరసేపు లోపల కూసో బావా అని ఒక్కపారన్న పిలిచినవా?"

పిలవలేదు.