తుపాకులు అమ్మని రోజు

గుంటూరులో తుపాకుల కొట్టు నడిపే సాయిబుగారికి ఒక అలవాటు ఉండేది. సరుకు చూపించే ముందు కొనేవాడి చేతిని తన చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకునేవారు.

తొంభైల చివర్లో, గట్టు తగాదాలో పక్క చేను రైతు మా తమ్ముడి తల పగలగొట్టాడు. వాడి ప్రాణం దక్కింది గానీ నా కోపం చల్లారలేదు. నేను లైసెన్సు సంపాదించి, సత్తెనపల్లిలో బస్సెక్కి సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు తుపాకీ ముట్టుకుని ఎరగను.

"ఒక రైఫిలు, ఒక పిస్తోలు కావాలండి. కొత్తవాడికి ఏవి బాగుంటాయో మీరే చెప్పండి," అన్నాను.

ఆయన లైసెన్సు మీద మా ఊరి పేరు చదివి, నా చేయి పట్టుకున్నారు. అది వణుకుతోంది.

"రైఫిలుకి భుజం, పిస్తోలుకి మణికట్టు నిలకడగా ఉండాలి బాబూ. కోపం తగ్గాక రండి, రెండూ నేనే ఎంచి ఇస్తాను."

"అమ్మడానికేగా కొట్టు పెట్టారు?"

"మీ ఊరాయన నిన్న వచ్చాడు. ఆయన చేయీ ఇలాగే వణికింది, భయంతో. ఆయన్నీ ఉత్త చేతుల్తోనే పంపాను."

ఆ వచ్చింది ఎవరో అడగక్కర్లేకపోయింది. లైసెన్సు మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున పత్తి చేలో గట్టు అవతల అతను నిలబడి ఉన్నాడు. నేను గుంటూరు వెళ్ళొచ్చిన సంగతి అతనికి తెలిసినట్టుంది. నా ఉత్త చేతులు చూసి అతనే అడిగాడు.

"ఏరా, నీకూ ఇవ్వలేదా?"

నాకు నవ్వొచ్చింది. గట్టెక్కి అతని పక్కన కూర్చున్నాను. సాయిబుగారి పుణ్యమా అని మా ఇద్దరి పిల్లలూ తండ్రుల దగ్గరే పెరిగారు.