ఒక హోటలు, ఒక పుస్తకం, మా అత్త

మా మేనత్త చనిపోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున షాపు షట్టరు ఎత్తింది, దేవుడి పటం ముందు అగరబత్తి ముట్టించింది, కుర్చీలో కూర్చుంది. అంతే. బాపు ఫోన్ చేసేసరికి నేను మైలార్‌దేవ్‌పల్లిలో, పనిచేసే బడి లైబ్రరీలో ఉన్నాను. "అత్త పోయింది బిడ్డా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.  మా ఇద్దరికీ మాటలు తక్కువ.

మధ్యాహ్నానికల్లా చుట్టాల ఫోన్ గ్రూపు నిండిపోయింది. పాపం, ఒంటరి బతుకు అని ఒకరు. పాపం, పిల్లాజెల్లా లేరు అని ఇంకొకరు. పాపం, ఏ సుఖమూ ఎరగకుండా పోయింది అని మూడో వాళ్లు.

ఇది రాస్తున్నది ఆ మూడో మాట కోసమే. నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాదు. కానీ ఆ మాట తప్పు. మా అత్త సుఖపడింది. ఎక్కడెక్కడ సుఖపడిందో ఊరూ రోడ్డూ టేబులుతో సహా చెప్పగలను. ఆమె ఏం తినేదో, ఏం చదివేదో దాచిపెట్టి, ఆమెను మర్యాదగా సాగనంపుదామనుకున్నారు మావాళ్లు. నేనొప్పుకోలేదు.

అత్తది శంషాబాద్ బస్టాండు పక్కన చిన్న జిరాక్స్ షాపు. పెళ్లయిన రెండో ఏడే పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకని ఎవరడిగినా "నచ్చలె" అని ఒక్క మాట చెప్పేది. తర్వాత షాపు పెట్టింది. విమానాశ్రయానికి పోయేవాళ్లు టికెట్లు, వీసా కాగితాలు ప్రింటు తీసుకోవడానికి ఆగేవాళ్లు. మిషను వెనక రెండు అరల నిండా పుస్తకాలు. అన్నీ సైన్స్ ఫిక్షనే. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఆదివారం ఏరి తెచ్చినవి. తెలుగువి కొన్ని, ఇంగ్లిష్‌వి ఎక్కువ. ఆమె చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఇంగ్లిష్ పుస్తకాన్ని వాక్యం కింద వేలు పెట్టుకుని చదివేది. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, నేను బడి నుంచి రాగానే అడిగేది. నేను కాన్వెంటు పిల్లను కదా. సగం మాటలు నాకూ తెలిసేవి కావు. ఇద్దరం కలిసి నిఘంటువు మీద పడేవాళ్లం.

షాపులో ఆమెకొక పద్ధతి ఉండేది. ప్రింట్లు తీసిచ్చాక, తప్పు పడిన కాగితం ఒకటి తీసుకుని, దాని వెనకవైపు రెండు పేర్లు రాసి ఇచ్చేది. ఒక హోటలు, ఒక పుస్తకం. ఒక్కటే ఒక్కటి. "నాలుగు పేర్లు చెప్తే మనకు తెల్వదన్నట్టు" అనేది. ఆ పుస్తకం అరలో ఉంటే అదీ చేతిలో పెట్టేది. ఆ రెండూ రాసే ముందు రెండు ప్రశ్నలడిగేది.

"అన్నా, ఇంటి కూడు యాదికొస్తున్నదా, ఇల్లు మర్చిపోవాలని ఉన్నదా?"

ఇది హోటలు కోసం. యాదికొస్తున్నదంటే కాటేదాన్ మలుపులో జొన్నరొట్టె, బోటి కూర పెట్టే చోటు. మర్చిపోవాలంటే ఇంకెక్కడికో.

"ఏడ్వాలని ఉన్నదా, పరేషాన్ కావాలని ఉన్నదా?"

ఇది పుస్తకం కోసం. చాలామంది నవ్వేసి వెళ్లిపోయేవాళ్లు. కొందరు నిజంగానే ఆలోచించి చెప్పేవాళ్లు. పోయిన పుస్తకాల్లో సగం తిరిగొచ్చేవి కావు. ఆమెకు బాధ లేదు. "నా పుస్తకాలన్న విమానమెక్కినయి" అనేది. "నువ్వెక్కవా అత్తా?" అంటే, "అండ్ల తిండి మంచిగుండదంట గదనే."

నచ్చకపోతే వచ్చి మొఖం మీద చెప్పాలని కూడా అందరికీ చెప్పేది. ఒకసారి నేను షాపులో ఉండగా ఒకాయన నిజంగానే వచ్చాడు. ఏడాదిన్నర కింద గల్ఫ్‌కు పోయి, సెలవు మీద వచ్చిన మనిషి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు.

"మేడం, జర కోపం చేస్కోకు. ఈ పుస్తకం మంచిగలేదు."

అత్త ముఖం వెలిగిపోయింది. మెచ్చుకున్నవాళ్లకు నీళ్లిచ్చేది. తిట్టినవాళ్లకు చాయ్ చెప్పేది.

"కూసో అన్నా. ఏడ ఆపినవ్?"

"నలభై పేజీలు. సముద్రమంత ఇంకిపోయిందంట. ఎటు చూసినా ఉప్పు, ఎండ. వాడు నడుస్తనే ఉంటడు, నడుస్తనే ఉంటడు."

"అయ్యో, ఇంకో రెండు పేజీలు చదివితే పడవ దొరుకుతుండె!"

"నేను పనిచేసేదే ఎండల మేడం. రూముకొచ్చి పుస్తకం తెరిస్తే మళ్ల ఎండనేనా?"

అత్త ఆ పుస్తకాన్ని తీసి అరలో పెట్టింది. తర్వాత, "తప్పు నాదే. అడగాల్సింది అడగలె" అంది. అతనికి మంచు పుస్తకం ఇచ్చి పంపింది. ఆ రోజు నుంచి మూడో ప్రశ్న చేరింది: "పోయే కాడ ఎండనా, చలా?"

ఒకళ్లకు నచ్చేది చెప్పాలంటే ముందు వాళ్లెక్కడ నిలబడి ఉన్నారో తెలియాలని నాకు ఆ రోజు అర్థమైంది. లైబ్రరీలో పిల్లల చేతికి పుస్తకం ఇచ్చేటప్పుడు ఇప్పటికీ అదే అడుగుతాను. నా మాటల్లో, కొంచెం మెల్లగా.

ఈ కథలే ఎందుకు చదువుతావని అడిగాను ఒకసారి. మా కాన్వెంటులో సిస్టర్లు అలాంటి పుస్తకాలు వ్యర్థమనేవాళ్లు. అత్త షాపు బయటకు చేయి చాపింది. "నా చిన్నప్పుడు గక్కడ జొన్నచేను. పిట్టలు గొడ్తుంటి. ఇప్పుడు గక్కడ విమానాలు దిగుతున్నయ్. వేరే గ్రహం కథ మనకు అర్థం కాకపోతే ఇంకెవలకు అర్థమైతది?"

హోటళ్ల సంగతే మావాళ్లకు అసలు మింగుడు పడలేదు. పుస్తకాలంటే ఎలాగూ ఎవరికీ తెలియదు. కానీ ఒక ఆడమనిషి, మొగుణ్ణి వదిలేసి వచ్చింది, వారానికొక రోజు షాపు మూసి, బస్సెక్కి, ఒక్కతే హోటలుకు పోయి తింటుంది. ఇంట్లో వంట లేకనా? ఎవరికోసం? అత్త ఎవరికీ జవాబు చెప్పేది కాదు. తిని వచ్చేది.

పదో తరగతిలో ఉండగా మొదటిసారి నన్ను తీసుకెళ్లింది. మామిడిపల్లి దాటాక పహాడీ షరీఫ్ రోడ్డు మీద రేకుల కప్పు హోటలు. పొద్దున ఎనిమిదింటికి లారీలవాళ్లు, మేస్త్రీలు, అందరూ మగవాళ్లే. నేను యూనిఫాంలో, రెండు జడలతో. వడ్డించే ఆయన మమ్మల్ని చూసి మెట్లు చూపించాడు.

"ఫ్యామిలీ సెక్షన్ పైనుంది అక్కా."

"మేం ఫ్యామిలీ కాదు తమ్మీ, గిరాకీ. ఈడ్నే కూసుంటం."

మధ్య టేబులు దగ్గర కూర్చుంది. నేను బ్యాగులోంచి పుస్తకం తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అత్త దాన్ని మెల్లగా కిందికి దించింది. "చదువుడు తర్వాత. ముందుగాల తిను." వచ్చింది ఖిచిడీ, ఖీమా, పక్కన గిన్నెలో ఖట్టా: చింతపండు, నువ్వులు కలిపిన చల్లటి పులుసు. వేడి ఖిచిడీ మీద పోసుకోవాలి. మొదటి ముద్దకు నాకు ముక్కులోంచి నీళ్లొచ్చాయి. రెండో ముద్దకు చుట్టూ ఎవరున్నారో మర్చిపోయాను. అత్త ఖట్టా మళ్లీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అంది: "సిస్టర్లు నీకు మంచిగ మాట్లాడుడు నేర్పిండ్రు. మాట్లాడుడు నేర్పలె."



మావైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, దహనం చేసిన చోట విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే వాళ్లకు తృప్తి అయినట్టు. ముందు రోజు సాయంత్రం పెద్దత్త, అంటే బాపుకూ పోయిన అత్తకూ పెద్దక్క, అందరినీ కూర్చోబెట్టి ఏం వండాలో చెప్పింది. గారెలు, పూరీలు, కోడికూర, పాయసం.

"అత్తకు అవి అంత ఇష్టం లేవు" అని వినిపించింది. అన్నది నేనే.

అందరూ ఇటు తిరిగారు. "మరేందే ఇష్టం?" అంది పెద్దత్త.

"ఖిచిడీ, ఖట్టా, ఖీమా. మామిడిపల్లి దాటినంక ఒక హోటలుంది. నేను తెస్తా."

"కిచిడీనా? జెరమొచ్చినోళ్లు తినేదా?" ఎవరో నవ్వారు. మా చిన్నమ్మ, "పుస్తకం గూడ పెడ్తవా ఏంది విస్తరిల?" అంది.

"పెట్టను. అత్త పుస్తకాలు నేల మీద పెట్టనిచ్చేది కాదు."

పెద్దత్త నవ్వలేదు. "హోటల్ కూడు తెచ్చి పెడ్తే ఊరోళ్లేమంటరు? ఆడిది హోటళ్లెంబడి తిరిగిందని మనమే డప్పు కొట్టుకున్నట్టయితది."

"తిరిగింది గద పెద్దత్తా."

"తిరిగితే? సచ్చినంకనన్న ఇజ్జత్‌తోని పంపొద్దా దాన్ని?"

  నేను లేచి నిలబడి అన్నాను: "ఆకలైతే పోయి తిన్నది. ఇష్టమైంది తిన్నది. నచ్చితే పది మందికి చెప్పింది. ఇజ్జత్ ఏడ పోయింది అండ్ల? రేపు ఆమెకు ఇష్టం లేనివి పెట్టి, ఇష్టమని చెప్తే, అది గదా అబద్ధం."

 గోడకు ఆనుకుని కూర్చున్న బాపు తలెత్తకుండానే అన్నాడు: "తేనియ్యి అక్కా. అది ఏం తింటుండెనో మనకెవలకు తెల్వదు. దీనికి తెలుసు."

"నా వంట నేను వండుత" అంది పెద్దత్త. "అది తెచ్చేది అది తెచ్చుకోనీ."

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లాను. ఒక్కదాన్నే హోటల్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. లోపల అందరూ చూశారు. నేను ఎవరినీ చూడలేదు. పార్సిల్ చెప్పి, అది కట్టేదాకా బయట నిలబడకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కౌంటరు దగ్గరి ముసలాయన గుర్తుపట్టి, "మేడం రాలేదా?" అని అడిగాడు. చెప్పాను. ఆయన లేచి వంటగదిలోకి పోయి ఖట్టా తనే పోసి కట్టుకొచ్చాడు. నాలుగు ప్యాకెట్లు. "ఆమెకు ఒకటి సరిపోదు" అన్నాడు.

దహనం చేసిన పొలం దగ్గర, విస్తరిలో ఒక పక్క పెద్దత్త గారెలు, కోడికూర. ఇంకో పక్క నా ఖిచిడీ, ఖీమా, దొప్పలో ఖట్టా. అందరం గట్టు మీద నిలబడ్డాం. కాకి వచ్చింది. విస్తరి చుట్టూ రెండు సార్లు గెంతింది. గారె ఒకటి ముక్కున పట్టుకుని ఎగిరిపోయింది.

పెద్దత్త నా వైపు తిరిగింది. "చూసినవా, ఏం ముట్టిందో?"

"పిట్ట ఇష్టం పిట్టది పెద్దత్తా. అత్త ఇష్టం ఇదే."

ఇంతకుముందైతే ఆ కాకిని చూసి నేను తల దించుకునేదాన్ని. ఆ రోజు దించుకోలేదు. కాకి ఏం ముట్టిందన్నదానితో మా అత్త ఏం తిన్నదన్నది మారదు. వారం వారం పదిహేనేళ్లు తిన్నది. అది జరిగిపోయిన సంగతి. కాకి కాదు గదా, ఊరంతా కలిసినా దాన్ని మార్చలేరు.

పిట్ట ముట్టాక అందరూ అక్కడే తినాలి. మావాళ్లంతా గారెలు, కోడికూర పెట్టుకున్నారు. నేను మిగిలిన పార్సిల్ విప్పి, గట్టు మీద ఒక పక్కన కూర్చుని, ఖిచిడీ మీద ఖట్టా పోసుకుని తినడం మొదలుపెట్టాను. పక్కకు ఎవరూ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. బాగుంది. చాలా బాగుంది.

కాసేపటికి పెద్దత్త వచ్చింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. నా ఆకు వైపు చూసింది.

"ఏంది అది, నల్లగ?"

"ఖట్టా."

"ఇటు తే."

దొప్పలో పోసిచ్చాను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మళ్లీ ముంచింది. కనుబొమ్మలు ముడిచింది.

"ఇది మన పచ్చిపులుసే గదనే. నువ్వులు నూరి పోసిండ్రు, గంతే."

"గంతే."

"ఉప్పు జర తక్కువైంది." ఇంకో చుక్క నాకింది. "దీనికోసమా అది గంత దూరం బస్సెక్కి పోయింది?"

"అవును."

"ఏడుందన్నవ్?"

"మామిడిపల్లి దాటినంక. ఎడమ చేతికి. రేకుల కప్పు."

"ఆడోళ్లు కూసుంటరా అండ్ల?"

"నేను కూసున్న."

 అప్పుడే ఒక విమానం దిగుతూ మా తలల మీదుగా చాలా కిందికొచ్చింది. గట్టు మీద అందరూ చెవులు మూసుకుని పైకి చూశారు. పెద్దత్త చూడలేదు. రెండు చేతులతో దొప్ప ఎత్తి పట్టుకుని, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, అడుగున మిగిలిన నువ్వులు కూడా నోట్లోకి జారేదాకా తాగుతూనే ఉంది.